పన్ను పీకేటప్పుడు గ్యాసా, మత్తు ఇంజెక్షనా: ఏది మేలు?

జ్ఞానదంతం తీయించుకునేటప్పుడు అసలు నొప్పిని ఆపేది చిగురుకిచ్చే తిమ్మిరి ఇంజెక్షనే. అది ఎలాగూ తప్పదు. కుర్చీ చూస్తేనే టెన్షన్ పడేవాళ్లకు దానితోపాటు మరో సాయం కావాలి. ముక్కుకి మాస్క్ పెట్టి నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్ ఇవ్వొచ్చు, లేదా నరానికి మిడజోలం అనే మత్తు ఇంజెక్షన్ చేయొచ్చు. మా శ్రీకాకుళం వాళ్లెవరైనా నన్ను అడిగితే ముందు గ్యాస్ పేరే చెబుతాను.

"నాకేం తెలీలేదు" అంటారు చాలామంది బయటికొచ్చాక. నొప్పి నిజంగా పుట్టలేదా, పుట్టినా గుర్తు లేదా? ఈ రెండూ ఒకటి కావు. మిడజోలం రెండో పని చేస్తుంది. మెదడు చురుకుదనాన్ని తగ్గించే గాబా అనే రసాయనం పనిని పెంచి కొత్త జ్ఞాపకాలు నిలవనివ్వదు. నొప్పిని తగ్గించే గుణం దానికి పెద్దగా లేదు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరోగ్యవంతులకు చిన్నచిన్న కరెంటు షాకులిస్తూ, ఎమ్మారై తీస్తూ మిడజోలాన్నీ, కెటామైన్ అనే మరో మత్తుమందునీ పోల్చి చూశారు. అప్పుడు వినిపించిన మాటలు ఎక్కువగా మరిచిపోయింది మిడజోలం వాళ్లు, నొప్పి తగ్గింది కెటామైన్ వాళ్లకి.

నైట్రస్ ఈ విషయంలో కెటామైన్‌కి దగ్గర చుట్టం. అదీ కెటామైన్‌లాగే, నరకణాల మీద సంకేతాలు అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకాలనే అడ్డుకుంటుంది. పైగా ఒంట్లో సహజంగా ఉండే నొప్పి నివారిణులను విడుదల చేయించి, సంకేతాన్ని వెన్నుపాము దగ్గరే బలహీనం చేస్తుంది. 1990లలో చర్మానికి వేడి తగిలిస్తూ మెదడుకి పెట్ స్కాన్ తీసినప్పుడు, 20 శాతం నైట్రస్‌కే థాలమస్‌లో (నొప్పి కబురు మెదడులోకి చేరవేసే భాగం) నొప్పి స్పందన అణిగిపోయింది. జ్ఞాపకం కొంత మసకబారుతుంది కానీ తుడిచిపెట్టుకుపోదు. మాస్క్ పెట్టిన రెండు మూడు నిమిషాలకి పెదాలు, వేళ్ల చివర్లు జివ్వుమంటాయి. డ్రిల్లు చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, అదెక్కడో పక్క గదిలోంచి వస్తున్నట్టుంటుంది. నొప్పి పుడితే చెయ్యెత్తి చెప్పగలరు. నాకు అన్నిటికంటే ముఖ్యం అదే. బాధపడి మరిచిపోవడం కన్నా, బాధ పుట్టినప్పుడే డాక్టరుకి చెప్పగలగడం మేలు.

ఉద్దానం వాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. కవిటి, సోంపేట, పలాస వైపు కిడ్నీ జబ్బున్న ఇళ్లు ఎన్నో. మిడజోలం విరిగాక మిగిలే మత్తు పదార్థాలు బయటికి పోవాల్సింది మూత్రపిండాల ద్వారానే. అవి సరిగా పనిచేయకపోతే మగత ఎక్కువసేపు ఉండొచ్చు. డోసు తగ్గించి, కనిపెట్టుకుని ఉండాలి. నైట్రస్ దాదాపు మొత్తం ఊపిరితోనే వెళ్లిపోతుంది. చివర్లో 5 నిమిషాలు వట్టి ఆక్సిజన్ పీల్చాక, డాక్టరు సరేనంటే సోంపేట బస్సెక్కొచ్చు. ఇంజెక్షన్ అయితే ఆ రోజు తోడు మనిషి ఉండి తీరాలి, బండి నడపకూడదు.

ఇంజెక్షనే నయమనిపించే సందర్భాలూ ఉన్నాయి. జలుబుతో ముక్కు మూసుకుపోయినవాళ్లకి, మాస్క్ పెడితే ఊపిరాడనట్టు బెంబేలెత్తేవాళ్లకి గ్యాస్ పనికిరాదు. నైట్రస్ విటమిన్ బీ12ని పనిచేయనివ్వదు కాబట్టి ఆ లోపం ఉన్నవాళ్లకి వద్దు. బీ12 తక్కువయ్యే అవకాశం ఉన్న పూర్తి శాకాహారులు, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్న షుగరు రోగులు ఈ సంగతి డాక్టరుకి ముందే చెప్పండి. గర్భం మొదటి మూడు నెలల్లోనూ గ్యాస్ మానేస్తారు. ఏది ఎంచుకున్నా, వేలికి ఆక్సిజన్ క్లిప్ పెడతారో లేదో కుర్చీ ఎక్కకముందే అడగండి.