గార్డియన్ కేసుకి పెట్టుకున్న లాయర్ గారి గురించి, కొన్నేళ్ల తర్వాత

ఆర్డర్ వచ్చిన వారంలో రాసుంటే అయిదు స్టార్లు కొట్టేసి ఊరుకునేదాన్ని. ఇప్పుడు నాలుగే ఇస్తున్నా, కానీ ఆవిడ విలువ తెలిసింది మాత్రం ఆర్డర్ తర్వాతే.

అన్నయ్యా వదినా పోయాక మేనల్లుడు భీమవరంలో నా దగ్గరే ఉంటున్నాడు. వాడి పేరున పొలం ఉంది, అన్నయ్య డిపాజిట్ల విషయంలో కోర్టు ఆర్డర్ లేనిదే బ్యాంకు వాళ్లు కదల్లేదు. ముందు వెళ్లింది పొలం తగాదాల్లో పేరున్న ఒకాయన దగ్గరికి. వకాల్తా మీద సంతకం పెట్టించుకున్నారు, ఆ తర్వాత ప్రతిసారీ జూనియర్ వెళ్లడం, వాయిదా పట్టుకురావడం. పైగా కోర్టు పెట్టిన గార్డియన్ కాబట్టి పిల్లాడికి 21 వచ్చేదాకా మీదే బాధ్యత అన్నారు. ఆ రూలు 1999లోనే తీసేశారు, ఇప్పుడు 18తోనే సరి. మీరు ఏ లాయర్‌ని కలిసినా ముందు ఈ ప్రశ్న వేసి చూడండి, సగం సంగతి తేలిపోతుంది.

కేసు వేరేవాళ్లకి ఇవ్వడానికి అభ్యంతరం లేదని ఆయనతో నో అబ్జెక్షన్ రాయించుకుని ఫైలు ఈ లాయర్ గారికి ఇచ్చాం. హైదరాబాద్‌లో ఉన్న చిన్నన్నయ్య అక్కడే వేసేద్దాం అంటుంటే, కుదరదండీ, పిల్లాడు ఎక్కడ ఉంటున్నాడో అక్కడి కోర్టులోనే వెయ్యాలి అని మొదటి రోజే తేల్చేశారు. జడ్జి గారు వాడిని లోపలికి పిలిచి మాట్లాడే ముందు రోజు కూడా, "ఏం చెప్పాలో అత్తని అడక్కు, నీకేమనిపిస్తే అదే చెప్పు" అన్నారు వాడితో.

అసలు కథ ఆ తర్వాత. వాడికి పదిహేనేళ్లు ఉండగా ఒకాయన పొలాన్ని రొయ్యల చెరువు చేస్తా, ఏడేళ్లకి లీజు రాయండి అని అడ్వాన్సుతో సహా వచ్చాడు. డబ్బు బాగానే వస్తుంది, మా వాళ్లంతా సరే అన్నారు. ఆవిడకి ఫోన్ చేస్తే ఒక్కటే మాట, సంతకం పెట్టకండి. 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం కోర్టు అనుమతి లేకుండా అయిదేళ్లు మించి లీజుకి ఇవ్వకూడదట, అయిదేళ్ల లోపైనా పిల్లాడు మేజర్ అయ్యాక ఏడాది దాటకూడదట. అంటే వాడికి 19 వచ్చేవరకే. అమ్మాలన్నా తాకట్టు పెట్టాలన్నా మళ్లీ కోర్టుకే. ఆ ఫోన్‌కి ఫీజు కూడా అడగలేదు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, సాయంత్రం ఆరు దాటితే ఫోన్ ఎత్తరు, గుమస్తా కాపీల పేరు చెప్పి ప్రతిసారీ చెయ్యి చాపుతాడు.

మా పక్కింటావిడ కొడుకుది మేధో వైకల్యం, 18 దాటినా వాడికి గార్డియన్ కావాలి, ఆమెనీ ఈ లాయర్ దగ్గరికి నేనే తీసుకెళ్లా. కేసు తీసుకోలేదు. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఆధ్వర్యంలో కమిటీ ఉంటుంది, అక్కడ దరఖాస్తు పెట్టుకోండి, లాయర్ అక్కర్లేదు అని పంపేశారు. ఇక ఫీజు కట్టలేని వాళ్లు 15100కి ఫోన్ చెయ్యండి, ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు.