బాలసముద్రం సర్వపిండి కొట్టు: పిండి సూపర్, చాయ్ జోలికి పోవద్దు

హన్మకొండ బాలసముద్రంలో ట్యూషన్ సెంటర్లున్న సందులో, బోర్డు కూడా లేని చిన్న కొట్టు ఇది. ఏడాదిన్నరగా ప్రతి శనివారం సాయంత్రం వెళ్తున్నాను కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నా.

పిండికి వంక పెట్టలేం. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు దండిగా పడతాయి. కొట్టు ఆమె పెనం మీద కాకుండా సర్వలోనే, అంటే లోతైన గిన్నెలోనే ఒత్తుతుంది, అంచుల దాకా చేత్తో పరిచి, వేలితో బొక్కలు పెట్టి, వాటిలో నూనె వేసి మూత పెడుతుంది. ఒకటి దిగాక సర్వ మండిపోతుంటుంది, అందులో చెయ్యి పెట్టి ఇంకోటి ఒత్తలేం కదా, అందుకని దాన్ని బోర్లించి చెంబెడు నీళ్లు పోస్తుంది, సుయ్‌మని ఆవిరి లేస్తుంది, అది చల్లారితే గానీ తర్వాతి వంతు రాదు. ఉన్నవి రెండే సర్వలు. ముగ్గురు వెళ్తే అరగంట ఖాయం, తొందరున్నవాళ్లు పక్కన మిర్చి బండికి పోతారు.

మాకు ఆ అరగంటే కావాలి.

మేము ముగ్గురం. పిల్లల్ని ట్యూషన్‌లో దింపి ఇక్కడ కూర్చునేవాళ్లం, మొదట్లో ముఖపరిచయమే. ఒకరోజు హంటర్ రోడ్ నుంచి వచ్చే చెల్లె ఫోన్‌లో వాళ్ల అక్కతో, "నా కడుపున పుట్టినోడైతే రెండు పీకుదు, వీన్ని ఏమన్నా అంటే లోకం ఊకుంటదా" అంటుంటే నేనూ కాజీపేట అక్కా ఒకేసారి తలెత్తాం. ముగ్గురం సవతి తల్లులమే అని అలా తెలిసింది. ఆ చెల్లె వాళ్ల అబ్బాయి తొమ్మిదో తరగతి, ఆమెతో మాట్లాడడు, ఫ్రిజ్‌లో ఏముందో మాత్రం వాట్సాప్‌లో అడుగుతాడు.

సవతి తల్లి అంటే అందరికీ కైకే గుర్తొస్తుంది. లేకపోతే బడ్జెట్ మర్నాడు పేపర్లో 'రాష్ట్రంపై సవతి తల్లి ప్రేమ'. (ఆ హెడ్డింగ్ పెట్టేవాళ్లు స్కూల్ వ్యాన్ వచ్చే టైముకి ఆరో తరగతి పిల్లకు ఒక్కసారి జడ వేసి చూడాలి.) బతుకమ్మ ఆడే దగ్గర కూడా పిల్ల పక్కనే ఉండగా "మొదటామె బిడ్డనా?" అని అడుగుతారు. ఈ కొట్టు ఆమె ఇన్నాళ్లలో అడిగింది ఒక్కటే, "పొల్లకు కారం తక్కువెయ్యాల్నా?"

ఇక్కడ వంటలతో పాటు చట్టం కూడా నేర్చుకున్నాను. పాప పేరున ఖాతా తెరుద్దామని ఒక బ్యాంకుకు వెళ్తే, మీ సంతకం చెల్లదు, తండ్రి రావాలన్నారు. కౌంటర్లో ఆయన పొగరు అనుకుని ఇంటికొచ్చి ఏడ్చాను. వకీలు దగ్గర టైపింగ్ చేసే కాజీపేట అక్క చెప్పింది, 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఆరో సెక్షన్లోనే ఉందట, సహజ సంరక్షకుల లెక్కలోకి సవతి తల్లి రాదని. బాధ తగ్గలేదు గానీ బ్యాంకాయన మీద కోపం పోయింది.

ఇక లోపాలు. చాయ్ పాకంలా ఉంటుంది, చక్కెర తక్కువ అని చెప్పినా అంతే. బండి పెట్టుకోవడానికి జాగా లేదు. పార్సిల్ ఇంకో తలనొప్పి, వేడి మీద కవర్లో కట్టిస్తే ఇంటికి చేరేసరికి ఆవిరి పట్టి మెత్తబడిపోతుంది. పోయిన దసరా ముందు అలాగే తీసుకెళ్తే మా పాప ఒక ముక్క తిని, "మా అమ్మ చేసింది కరకరలాడేది చిన్నమ్మా" అంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. శనివారం ఇక్కడ కూర్చుని చెప్పుకుంటే కాజీపేట అక్క నా మాట పూర్తి కానివ్వలేదు. "పిచ్చిదానా, రెండేండ్ల సంది మీ ఇంట్ల ఆమె పేరు ఎవ్వరన్నా ఎత్తిన్రా? నీ ముందట ఎత్తొచ్చని పొల్లకు అనిపించింది, గంతే."

ఆ రోజు పక్క షాపులో స్టీల్ డబ్బా కొని, మూత పెట్టకుండా ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చాను. పాప అంచు ముక్క తుంచి నమిలి, "ఇది కొంచెం నయం" అంది.

కాబట్టి పార్సిల్ కావాలంటే డబ్బా మీరే తీసుకెళ్లండి, మూత మాత్రం పెట్టకండి. ఒక్కోటి 40 రూపాయలు, చిల్లర ఉంచుకోండి.