ఆది జాకెట్టు పక్కన పెట్టించిన ఐదు రోజులు

పదకొండేళ్లుగా నా ఆది జాకెట్టు ఒక్కటే. దర్జీలు మారినా అదే ఇచ్చేదాన్ని. కుడి భుజం జారుతోందని ప్రతిసారీ చెప్పేదాన్ని, కొత్తది కూడా అలాగే జారేది. ఉతికి ఉతికి సాగిన జాకెట్టును చూసి కుడితే, దాని తప్పులన్నీ కొత్త గుడ్డలోకి వస్తాయని అంబాజీపేటలో తెలిసింది.

కొబ్బరి మార్కెట్టుకు కాస్త ఎడంగా, ఒక డాబా పై గదిలో దర్జీ పని చేసే ఆవిడ ఒకరు, ఎవరి ఒంటి కొలతలతో వారికి జాకెట్టు నమూనా గీయడం నేర్పుతున్నారు. ఐదు రోజులు, రోజుకు రెండు గంటలు, రుసుము 1,200 రూపాయలు. పి.గన్నవరం నుంచి బడి వదిలాక బస్సెక్కి వెళ్లేదాన్ని.

మొదటి రోజు కత్తెర ముట్టుకోనివ్వలేదు. నడుముకు నాడా కట్టించి, మెడ వెనుక ఎముక నుంచి ఆ నాడా దాకా వీపు పొడవు తీశారు. నేను బిగుసుకుపోయి నిలబడితే, “ఊపిరి బిగపట్టకండి టీచరు గారూ, ఈ జాకెట్టుతోనే పాఠం చెప్పాలి కదా” అన్నారు. ఛాతీ చుట్టుకొలత రెండు చోట్ల తీశారు. చంకల కిందుగా, రొమ్ముకు పైన 35 అంగుళాలు, నిండుగా ఉన్న చోట 38. నా భుజం ఎందుకు జారుతోందో అక్కడే తేలింది. 38 ప్రకారం గీస్తే నాకు భుజాలు, మెడ వెడల్పైపోతాయి. అందుకే 35తో గీయించి, ఆ 3 అంగుళాల తేడాను ముందు భాగానికే ఇచ్చారు. వీపు సగానికి 35లో నాలుగో వంతు 8¾, ముందు సగానికి ఇంకో 1½ కలిపి 10¼, ఒక్కొక్క దానికి అర అంగుళం వదులు, కింద లోతైన టక్కులు. భుజాలు విడివిడిగా కొలిస్తే కుడిది అర అంగుళం కిందికి ఉంది. ఇన్నేళ్లలో ఏ దర్జీ దాన్ని కొలవలేదు.

బ్రౌన్ పేపరు మీద గీసినది ముందు పాత పంచె గుడ్డతో కుట్టి వేసుకున్నాం. బోర్డు మీద రాస్తున్నట్టు చెయ్యి ఎత్తమన్నారు. చంక దగ్గర పడిన ముడత, ముందు భాగంలో చంక వంపును పావు అంగుళం తోడగానే పోయింది.

లోపం ఒకటుంది. చేతుల పాఠమంతా చివరి రోజు చివరి గంటలో ముగించారు. చేతి పైవంపు చంక చుట్టుకు సరిపోవాలి. నాది ఇంటికి వచ్చి కొలిస్తే అంగుళానికి పైగా ఎక్కువైంది. మరుసటి వారం వెళితే డబ్బు తీసుకోకుండా ఓపికగా సరిచేసి ఇచ్చారు. అయినా దానికి ఆరో రోజు పెట్టడం న్యాయం.

బండారులంక నూలు చీర మీదికి మొదటి జాకెట్టు కుట్టుకున్నాను. ఆవిడ చెప్పినట్టు లైనింగును రాత్రంతా నానబెట్టి, ఆరాకే కత్తిరించాను. నాలుగు ఉతుకులైనా భుజం జారలేదు.

మా అమ్మకు వయసుతో వీపు వంగింది. ఎవరు కుట్టినా వెనుక పైకి లేచిపోయి, ముందు ముడతలు పడేవి. మొన్న ఆదివారం అదే పద్ధతిలో కొలిస్తే వీపు పొడవు ముందు కన్నా ఎక్కువ వచ్చింది. ఆమె నమూనా కాగితం ఇప్పుడు నా బల్ల మీద ఉంది. పంచె గుడ్డ కత్తిరించాలి.