మోటుపల్లి చూసొచ్చాం, బీచ్ రిసార్టులో మోసపోయాం

ముందే చెప్పేస్తున్నాను. చీరాల దగ్గరున్న మోటుపల్లి తప్పకుండా వెళ్లండి. కానీ సముద్రం పక్కన పడుకోవాలన్న సరదాతో మాలాగా బీచ్‌లో గది మాత్రం తీసుకోకండి. చీరాల ఊళ్లోనే దిగండి.

ఓరుగల్లు కోట నేను నాలుగుసార్లు చూశాను. కాకతీయులంటే చెరువులు, తోరణాలు, వేయిస్తంభాల గుడి అనుకుంటూ పెరిగాం. వాళ్లకో సముద్రం ఉందని, మోటుపల్లి రేవులో ఓడలు దిగేవని బడిలో ఒక మార్కు బిట్‌గా చదివి వదిలేశాం. ఆ రేవు, అక్కడి గుళ్లో ఉన్న కాకతీయుల శాసనం చూడాలని చాలా ఏళ్లుగా మనసులో ఉంది. జనవరిలో నేను, మా ఆవిడ, బావ బయలుదేరాం. బావది కిరాణా హోల్‌సేల్ వ్యాపారం. "గుళ్లో ఒక రాయి చూడ్డానికి రెండ్రోజులా!" అని రైల్లో సణుగుతూనే ఉన్నాడు.

శనివారం రాత్రి ఏడున్నరకి రిసార్టు చేరాం. వారం ముందే వాట్సాప్‌లో మాట్లాడుకున్నాం: ముగ్గురికి ఒక ఏసీ గది, టిఫినుతో కలిపి 2,200. కౌంటర్‌లో కూర్చున్నాయన 3,000 అన్నాడు. అదేంటంటే "అది వీక్‌డే రేటు సార్" అన్నాడు. మెసేజ్ తీసి చూపించాను, అందులో శనివారం తేదీ స్పష్టంగా ఉంది. చూసి, ఫోన్ నా చేతిలో పెట్టి, "ఆ మెసేజ్ పెట్టిన అబ్బాయి మానేశాడండి" అన్నాడు. అంతే, అక్కడికి మాట అయిపోయింది. మూడో మనిషికి పరుపు 600. టిఫిను వేరే. ఆ చీకట్లో బ్యాగులు మోసుకుంటూ ఎక్కడికి పోతాం? 3,600 కట్టాం.

గదిలో కుళాయి తిప్పితే ఉప్పునీళ్లు. ఎంత రుద్దినా సబ్బు నురగ రాలేదు. పరుపు మీద దుప్పటి చెమ్మగా ఉంది. మా ఆవిడ దాన్ని తీసి కుర్చీ మీద పడేసి, తన శాలువా పరుచుకుని గోడవైపు తిరిగి పడుకుంది. ఎనిమిదిన్నరకి చెప్పిన చేపల పులుసు పదింటికి చల్లగా వచ్చింది, 450 రూపాయలు. డబ్బు పోతే పోయింది, మాట తప్పి కూడా ఆ మనిషి మొహంలో కాస్తయినా ఇబ్బంది కనపడలేదు. అది ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

తెల్లారగానే ఖాళీ చేసి చీరాల స్టేషన్ దగ్గర లాడ్జికి మారాం. 1,100, శుభ్రమైన గది, బకెట్ వేడినీళ్లు. అక్కడే ఆటో మాట్లాడుకున్నాం: మోటుపల్లికి రానూపోనూ, వెయిటింగ్‌తో సహా 1,200. వేటపాలెం మీదుగా వెళ్తూ 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయాన్ని బయటినుంచి చూశాం. బావ జీడిపప్పు కొన్నాడు. చినగంజాం చుట్టుపక్కల ఉప్పు కొఠార్లు, ఎండలో తెల్లగా మెరిసే ఉప్పు కుప్పలు. మా ఆవిడ అక్కడ మొదటిసారి నోరు విప్పి, ఆటో ఆపమంది.

వీరభద్రస్వామి గుడికి వెళ్లేసరికి తాళం వేసి ఉంది. పక్కింటి పెద్దావిడ "కూసోండి బాబూ, పంతులుగారు వస్తారు" అని మంచినీళ్లిచ్చింది. నలభై నిమిషాలు ఆగాం. తలుపు తీశాక మండపంలో స్తంభం చూపించారు. రాతి నిండా వరసలు వరసలుగా అక్షరాలు. మొబైల్ లైటు పక్కనుంచి వేస్తే గీతలు పైకి తేలాయి. రెండు మూడు అక్షరాలు ఇప్పటివాటికి దగ్గరగా ఉండి పోల్చుకోగలిగాం. మిగతాది నేను ముందే అచ్చులో చదివి రాసుకుపోయిన కాగితం చూసి వాళ్లకి చెప్పాను.

ఇది కాకతీయ రాజు గణపతిదేవుడి అభయ శాసనం, శక సంవత్సరం 1166, అంటే 1244-45. తుపానుకి ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ అంతకుముందు రాజులు లాక్కునేవాళ్లు. ప్రాణం కన్నా ధనమే గొప్పదనుకుని సముద్రం మీదికి వెళ్లే వర్తకుల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా మేం వదిలేస్తున్నాం అని రాజు రాయించాడు. సుంకం ముప్పయ్యోవంతు. ఇంకా చందనం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, పగడాలు, దంతం, మిరియాలు, పోకచెక్కలు, ఇలా సరుకుల వారీగా రేట్లున్నాయి.

ఆ జాబితా వింటూ బావ స్తంభం దగ్గరికి జరిగాడు. "కర్పూరం, మిరియాలు, పోకచెక్క... మన కొట్టు సరుకే కదరా" అని మళ్లీ చదివించుకున్నాడు. రాయి మీద చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. "నిన్నటాయన మెసేజ్‌లో పెట్టిన రేటు వారం నిలబడలేదు. ఈయన రాయి మీద చెక్కించాడు" అంది మా ఆవిడ. అప్పటికీ ఆమె కోపం తగ్గలేదు.

ఈ రేవు గణపతిదేవుడితో ఆగలేదు. ఆయన కూతురు రుద్రమ ఏలిన రాజ్యాన్ని మార్కోపోలో ముట్ఫిలి (అంటే మోటుపల్లి) పేరుతో రాశాడు. రాణి న్యాయాన్ని, ఇక్కడి సాలెగూడంత సన్నని బట్టను మెచ్చుకున్నాడు. 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి మళ్లీ ఇక్కడే శాసనం వేయించి, వచ్చి స్థిరపడే వర్తకులకు భూమి ఇస్తానన్నాడు. ఆ తర్వాత కొండవీటి కుమారగిరిరెడ్డి కాలంలో అవచి తిప్పయసెట్టి అనే వర్తకుడు సింహళం నుంచి ఏనుగులు, పర్షియా వైపున్న హుర్ముజు రేవు నుంచి గుర్రాలు, చీనా పట్టు తెప్పించేవాడని శ్రీనాథుడు వర్ణించాడు.

గుడి నుంచి సముద్రానికి వెళ్లాం. రేవు గుర్తులేమీ మాకు కనపడలేదు. ఇసుక, అలలు, వలలు బాగుచేసుకుంటున్న నలుగురు మనుషులు. బావ చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్లలోకి దిగి, "ఏనుగుని ఓడలోంచి ఎట్లా దింపేవాళ్లో" అంటూనే ఉన్నాడు. మధ్యాహ్నం దాటినా కదలనంటాడు.

చీరాల చేరేసరికి మూడున్నర. మెస్‌లో భోజనం 120, గోంగూర పచ్చడి ఎంత అడిగినా వేశారు. అనుకున్నదానికన్నా రెండు గంటలు ఎక్కువ ఆపామని ఆటో అతనికి 1,500 ఇవ్వబోతే 1,200 తీసుకుని మిగతాది తిరిగిచ్చేశాడు. ఈసారి వస్తే పొద్దున ఆరింటికే బయలుదేరమన్నాడు, ఎండెక్కితే ఆ ఇసుకలో ఆడవాళ్లు, పెద్దవాళ్లు నడవలేరట.