నడకను కొలవడానికి నేల మేలా, ట్రెడ్‌మిల్ మేలా?

ఆరోగ్యవంతులైన పెద్దల నడకను కొలవబోయే ఫిజియోథెరపీ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఇది: ఫోర్స్ ప్లేట్లు (పాదం నేలను నొక్కే బలాన్ని కొలిచే పలకలు) పొదిగిన నేల మీద నడిపించాలా, ఫోర్స్ ప్లేట్లున్న ట్రెడ్‌మిల్ మీదనా?

ట్రెడ్‌మిల్ వైపు వాదన తేలికగా తోసిపుచ్చదగినది కాదు. నేలలో అమర్చే ప్లేటు చాలా చోట్ల 40 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల పొడవు మాత్రమే ఉంటుంది. ఒక పాదం పూర్తిగా దాని మీదే పడాలి, రెండోది దాన్ని తాకకూడదు. ప్లేటు ఎక్కడుందో కనిపెట్టిన మనిషి తనకు తెలియకుండానే చివరి అడుగును సాగదీస్తాడు, లేదా కుదిస్తాడు. అందుకే చూపు ఎదుటి గోడ మీద నిలపమని చెప్పి, బయలుదేరే చోటును ముందుకూ వెనక్కూ జరుపుతూ పదేపదే నడిపించవలసి వస్తుంది. బెల్టు మీదనైతే పది నిమిషాల్లో దాదాపు వెయ్యి అడుగులు చేతికి వస్తాయి. బెల్టు వేగం స్థిరంగా ఉన్నంతవరకు, గాలి నిరోధాన్ని మినహాయిస్తే, రెండు చోట్లా యాంత్రిక సూత్రాలు ఒకటేనని శరీర కదలికల పరిశోధకుడు వాన్ ఇంగెన్ షెనావ్ 1980లోనే చూపించారు. అయితే మడమ ఆనినప్పుడు బెల్టు ఒక్క క్షణం నెమ్మదిస్తుంది. మోటారు బలహీనమైనదైతే ఆ తేడాను పట్టించుకోక తప్పదు.

నా దృష్టిలో అసలు తేల్చవలసింది వేగం సంగతి. నేల మీద మనిషి సాధారణంగా సెకనుకు 1.2 నుంచి 1.4 మీటర్ల వేగాన్ని తానే ఎంచుకుంటాడు, దాన్ని అడుగడుగునా కొద్దికొద్దిగా సవరించుకుంటాడు. బెల్టు మీద వెనకబడితే పడిపోతాడు కనుక ఆ స్వేచ్ఛ ఉండదు. అడుగుకూ అడుగుకూ మధ్య సహజంగా ఉండే తేడాలు తగ్గుతాయి, కొందరి అడుగులు పొట్టివై, నిమిషానికి పడే అడుగుల సంఖ్య పెరుగుతుంది. పైగా దాదాపు ప్రతి కొలతా వేగాన్ని బట్టే మారుతుంది. నిలువు ప్రతిచర్యా బలపు (నేల పాదాన్ని తిరిగి పైకి నెట్టే బలపు) రేఖలో శరీర బరువును మించి లేచే రెండు శిఖరాలు, వాటి నడుమ లోయ, నడక నెమ్మదించేకొద్దీ చదునవుతాయి. కాబట్టి పరిశోధకుడు ఎంచిన వేగంలో తీసిన రేఖను ఆ వ్యక్తి సహజ నడకగా చూపడం నాకు సమ్మతం కాదు.

ఈ మధ్య మా ప్రయోగశాలలో ఆరోగ్యవంతుల ప్రామాణిక రేఖల కోసం నేలనే ఎంచుకున్నాం. సమయం ఎక్కువ పట్టింది, నిజమే. కాని ఇంట్లో నడిచినట్టే వట్టి కాళ్లతో నడిపించగలిగాం. అలసట ప్రభావాన్నో, బెల్టును కుదిపితే మనిషి నిలదొక్కుకునే తీరునో చదవాలంటే మాత్రం ట్రెడ్‌మిల్‌నే కోరుకుంటాను.

నడుముకూ పాదాలకూ కట్టే సెన్సర్లు అడుగుల లయకు, వేగానికి చాలు. బలాలను నేరుగా కొలవవు. ఒంటికి మార్కర్లు (కెమెరా గుర్తుపట్టే చిన్న గుర్తులు) అంటించనక్కరలేని కెమెరాలదీ అదే పరిమితి.

ట్రెడ్‌మిల్ తప్పనిసరైతే, ముందు ఆ వ్యక్తిని నేల మీద నడిపించి అతని వేగాన్ని నమోదు చేసి, బెల్టును అదే వేగానికి పెట్టి, కనీసం ఆరు నిమిషాలు అలవాటు పడనిచ్చాకే రికార్డింగు మొదలుపెట్టండి.