ఒంటరిగా లెవెల్ చేసే మేజ్‌కి లివింగ్ బాంబ్ దండగే

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో మా తమ్ముడిది వార్‌లాక్, నాది మేజ్, ఇద్దరమూ మంత్రగాళ్లమే. వాడు ఎదుటివాడికి కరప్షన్ అనే, మెల్లగా దెబ్బ తీసే మంత్రం అంటిస్తాడు, వాయిడ్‌వాకర్ అనే కాపలా భూతాన్ని ముందు నిలబెడతాడు, ఇక తీరిగ్గా కూర్చుంటాడు. 18 సెకన్లు అది తన పని తాను చేసుకుపోతుంది. రాత్ ఆఫ్ ది లిచ్ కింగ్ అనే ఎక్స్‌పాన్షన్‌లో, నిప్పు మంత్రాల మీద నడిచే ఫైర్ మేజ్‌కి కూడా అలాంటిదొకటి ఉందని, పేరు లివింగ్ బాంబ్ అని తెలిసి ఆశగానే 51 టాలెంట్ పాయింట్లూ ఫైర్‌లో పోశాను. అంటే అది చేతికొచ్చేసరికి లెవెల్ 60, హెల్‌ఫైర్ పెనిన్సులా అనే ప్రాంతంలో ఉంటాం.

కాగితం మీద బాగానే ఉంది. మొదటి ర్యాంక్‌లో 12 సెకన్లలో 612 డామేజ్, చివర్లో పేలుడుకి ఇంకో 306. మూడు సెకన్లకోసారి ఒక దెబ్బ, దాన్నే టిక్ అంటారు, అంటే టిక్‌కి 153. కాస్ట్ టైమ్ (మంత్రం వేయడానికి ఆగే సమయం) లేదు, పరిగెడుతూ కూడా వేసుకోవచ్చు. యూరప్ సర్వర్‌లో ఇక్కణ్ణుంచి ఆడేవాళ్లకి, పింగ్ (సర్వర్‌తో ఆలస్యం) ఎక్కువగా ఉన్న రాత్రుల్లో ఇదేమీ చిన్న విషయం కాదు.

చిక్కంతా ఆ 12 సెకన్లతోనే. మామూలు మాబ్ (గేమ్ నడిపే శత్రువు) మూడు ఫైర్‌బాల్స్‌కి, ఒక ఫైర్ బ్లాస్ట్‌కి పోతుంది. ఆలోపు పడేవి రెండు టిక్‌లు, మహా అయితే మూడు. పేలుడు 12 సెకన్లు నిండితేనో, ఎవరైనా డిస్పెల్ చేస్తేనో (మంత్రాన్ని తొలగిస్తేనో) జరుగుతుంది. మాబ్ ముందే చచ్చిందా, అది గోవిందా. దీనికి బేస్ మానాలో, అంటే మంత్రాలకి ఖర్చయ్యే శక్తిలో, 22 శాతం పెట్టాలి. ఫైర్‌బాల్‌కి 19 శాతమే, పైగా ఆ లెవెల్‌లో ఒక్క ఫైర్‌బాల్ దాదాపు 600 పైనే కొడుతుంది. ఎక్కువ మానా పోసి సగం దెబ్బ కొనుక్కుని, ఆ తర్వాత నీళ్లు తాగుతూ కూర్చోవడమన్నమాట.

మానా పోతే పోయిందనుకుందాం, శత్రువుని కాసేపు గొర్రెని చేసి, ఏ దెబ్బ తగిలినా విడిపోయే పాలీమార్ఫ్ సంగతేంటి? హెల్‌ఫైర్‌లోని ఆర్క్‌ల స్థావరం జెత్‌గోర్‌లో ఇద్దరు ఆర్క్‌లు ఒకేసారి మీద పడ్డారనుకోండి. ఒకణ్ణి గొర్రెని చేసి రెండోవాణ్ణి కొట్టడం మేజ్‌కి వెన్నతో పెట్టిన విద్య. రెండోవాడి మీద బాంబ్ ఉండి, వాడు గొర్రె పక్కనే నిలబడి, 12 సెకన్లు నిండాయంటే పది గజాల్లో ఉన్నవాళ్లందరికీ తగులుతుంది. గొర్రె మళ్లీ ఆర్క్ అవుతాడు, అదీ గొర్రెగా ఉన్నంతసేపూ నయమైన ఒంటితో. ఫ్రాస్ట్ నోవాతో కాళ్లు కట్టేసినా అంతే, ఏ టిక్‌కి ఊడుతుందో చెప్పలేం. వార్‌లాక్ సన్నసెగ మీద వండుకోగలడు, ఎందుకంటే వాడి ముందు కాపలా ఉంది. మన ముందు ఎవరున్నారు?

ఫైర్‌బాల్‌కి కూడా చిన్న తోకమంట ఉంటుంది. దాని డామేజ్ నామమాత్రం. కానీ కొట్టినవాణ్ణే గొర్రె చేద్దామంటే అదే చెడగొడుతుంది. మంత్రం తీరు మార్చే గ్లిఫ్ ఆఫ్ ఫైర్‌బాల్ పెట్టుకుంటే ఆ మంట పోయి, కాస్ట్ టైమ్ 0.15 సెకన్లు తగ్గుతుంది. నేనైతే నిమిషం కూడా ఆలోచించలేదు.

ఒక్క సుగుణం చెప్పకపోతే అన్యాయం. కొన ఊపిరితో పారిపోయే ముర్లాక్‌లు, బందిపోట్లు తోటివాళ్లని లాక్కొచ్చేలోపు ఆఖరి టిక్‌కి కూలిపోతుంటే భలే సరదా. అయితే ఆ పని ఇగ్నైట్ అనే ఫైర్ టాలెంట్ కూడా చేస్తుంది. క్రిట్ (మామూలు కన్నా గట్టి దెబ్బ) పడినప్పుడల్లా ఆ దెబ్బలో 40 శాతం నాలుగు సెకన్ల మంటగా వస్తుంది, అదనంగా మానా అక్కర్లేదు. ఒంటరి మేజ్‌కి కావాల్సిన డాట్ (విడతలుగా పడే దెబ్బ) అదొక్కటే.

నా మార్కులు: ఒంటరి లెవెలింగ్‌కి 5కి 1.5. జట్టుగా ఆడే డంజన్‌లో సంగతి వేరు. ముందు నిలబడి దెబ్బలు కాసే ట్యాంక్ నలుగురైదుగురిని పట్టి ఉంచితే ఒక్కొక్కరికీ ఒక బాంబ్ అంటించి చూడండి, పేలుళ్లన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అక్కడ 5కి 4.5, హీలర్ తిట్టకపోతే.