రెఫ్యూజియం సంప్ కొనేముందు కరెంటు తీయించి చూడండి

విజయవాడ, గుంటూరుల్లో రీఫ్ ట్యాంక్ (పగడాలు, సముద్రపు చేపలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) పెట్టించుకునేవాళ్లకు ఈ హెచ్చరిక. రెఫ్యూజియం గది (నాచు పెంచే అర) ఉన్న సంప్ (ట్యాంక్ కింద పెట్టే తొట్టి, ఇందులోంచి పంపు నీటిని పైకి తోస్తుంది) అని చెప్పి ఎవరైనా ఎక్కువ డబ్బు అడిగితే తొందరపడి అడ్వాన్స్ ఇవ్వకండి.

బెజవాడలో ఒక షాపువాళ్లు మాకు అమ్మిన సెట్ సంగతి ఇది. "రెఫ్యూజియం ఉంటే స్కిమ్మర్ (నురగతో నీటిలోని మురికిని తీసే పరికరం) అక్కర్లేదు సార్, నీళ్లు మార్చే పనే ఉండదు" అన్నారు. మాటలు కోటలు దాటాయి. చేపల వ్యర్థాలతో నీళ్లలో పేరుకునే నైట్రేట్, ఫాస్ఫేట్‌లను నాచు పీల్చుకోవడం నిజమే. కానీ పెరిగిన నాచును ఎప్పటికప్పుడు కోసి బయట పారేస్తేనే అవి ట్యాంక్‌లోంచి పోయినట్టు. పైగా నీళ్లు మార్చడం మానేస్తే, పగడాలు వాడేసుకున్న కాల్షియంను నాచు తిరిగి ఇవ్వదు కదా!

అసలు ప్రమాదం సంప్ కట్టిన తీరులో ఉంది. నాచుకు లోతు కావాలని మధ్య అద్దాలు బాగా ఎత్తుగా అతికించారు. దాంతో నీరు అంచుకు దగ్గరగా నిలబడింది, పైన ఖాళీ లేదు. కరెంటు పోతే పంపు ఆగుతుంది, పై ట్యాంక్ నీరు కొంత కిందికి దిగుతుంది. 120 × 45 సెంటీమీటర్ల ట్యాంక్‌లో మట్టం 3 సెంటీమీటర్లు తగ్గితే 16 లీటర్లు. పైపుల్లో నీరు అదనం. అదంతా మా హాల్లోకి వచ్చింది. స్టాండ్ ప్లైవుడ్ ఉబ్బిపోయింది. అంతకన్నా ఘోరం, ఎక్స్‌టెన్షన్ బాక్స్‌ను వాళ్లే సంప్ పక్కన నేలమీద పెట్టి వెళ్లారు. ఉప్పునీళ్లు దాని కిందికి చేరాయి. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అడిగితే "కరెంటు పోతే మేమేం చేస్తాం సార్" అన్నారు. కరెంటు పోతుందని తెలిసే కదా సంప్ కట్టాలి! వేసవిలో మన ఊళ్లో అది కొత్త విషయమా?

నాచులోనూ మోసమే. కీటో (కీటోమార్ఫా) అనే నాచుకు డబ్బు తీసుకుని కాలెర్పా అనే వేరే నాచు ఇచ్చారు. కీటో చిక్కుపడిన పచ్చ నైలాన్ దారంలా ఉంటుంది, వేళ్లు ఉండవు. కాలెర్పాకు పాకే తీగ, దానిమీద ఈకల్లాంటి ఆకులో ద్రాక్షగుత్తుల్లాంటి బుడిపెలో ఉంటాయి. అది ఒక్కోసారి ఉన్నట్టుండి బీజాలు వదిలి తెల్లగా పాలిపోతుంది. నీళ్లు మసకబారతాయి, ఆక్సిజన్ పడిపోతుంది, పీల్చుకున్నదంతా మళ్లీ నీళ్లలో కలుస్తుంది. మా ట్యాంక్‌లో తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. వెంటనే నీళ్లు మార్చి, ఎయిర్ పంపు పెట్టి కాపాడుకున్నాం.

రెఫ్యూజియమే వద్దని నేననను. కోపెపాడ్లు (రెఫ్యూజియంలో పెరిగే అతి చిన్న నీటి జీవులు) తిని బతికే మాండరిన్ చేప పెంచేవాళ్లకు అది ఎంతో మేలు. రాత్రిపూట రెఫ్యూజియంలో లైటు వేస్తే నీటి పీహెచ్ మరీ పడిపోదు. కానీ నాలుగడుగుల ట్యాంక్ కింద చిన్న సంప్ అయితే ముందు స్కిమ్మర్‌కు, నీరు దిగే ఖాళీకి చోటు చూడాలి. మిగిలితేనే నాచు.

మిగతా డబ్బు ఇచ్చేముందు నిండా నీళ్లు పోయించి, పంపు ఆపించి మీ కళ్లతో చూడండి. నాచు పేరు బిల్లు మీద రాయించండి. మా బిల్లులో "సామాను" అని మాత్రమే ఉంది. మీకూ ఇలాగే జరిగితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.